బరువు తగ్గించే ఆపరేషన్ – మగవారి సంతాన ఆరోగ్యం



ఈ విషయం గురించి రాయమని నన్ను ఎవరూ అడగలేదు. అడగరు కూడా. ఆడవారు తమ నెలసరి గురించి, గర్భం గురించి నర్సుల దగ్గర కాస్త ధైర్యంగానే మాట్లాడతారు. మగవారు అలా కాదు. కట్టు మార్చేటప్పుడో, బి.పి. చూసేటప్పుడో, తలుపు దగ్గర ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించి ఒక్క మాట అడుగుతారు. మనం జవాబు చెప్పేలోగా "ఏం లేదులెండి సిస్టర్" అని లేచిపోతారు. అందుకే ఈసారి నేనే రాస్తున్నాను. ఇంట్లో భార్యాభర్తలిద్దరూ కలిసి చదవండి.

ఒక కుటుంబం గురించి చెప్పి మొదలుపెడతాను. వారెవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను. పెళ్ళయి ఆరేళ్ళయినా పిల్లలు లేరని అత్తగారు కోడలిని తీసుకుని మా ఓ.పి.కి వచ్చారు. వెనకాలే కొడుకు. కోడలి చేతిలో ఫైలు ఇటుకంత లావుంది. థైరాయిడ్ పరీక్షలు, స్కానింగులు, గర్భనాళాల ఎక్స్‌రే, అన్నీ ఉన్నాయి. అన్నీ బాగానే ఉన్నాయి. ఎంత వెతికినా భర్తది ఒక్క పరీక్ష కాగితం కనబడలేదు. "బాబూ, మీ రిపోర్టు ఏది?" అని అడిగాను. అతను తల వంచుకున్నాడు. తల్లి అందుకుని, "వాడికేం లోటు సిస్టరమ్మా, దుక్కలా ఉన్నాడు. కోడలికే ఏదైనా మంచి మందు రాయించండి" అన్నది.

అతనికి 34 ఏళ్ళు. ఏడు నెలల కిందట నగరంలో బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నాడు. అప్పుడు 128 కిలోలు, మా దగ్గరకు వచ్చేసరికి 94. షుగరు మాత్రలు ఆగిపోయాయి. గురక తగ్గింది. డాక్టరుగారు వీర్య పరీక్ష రాశారు. రిపోర్టులో శుక్రకణాలు సున్నా. మళ్ళీ చేయిస్తే మళ్ళీ సున్నా. "ఆపరేషనే నా కొంప ముంచింది సిస్టర్" అని అతను కుర్చీలో కూలబడ్డాడు. ఆ అమ్మాయి మాత్రం ఏడవలేదు. ఆరేళ్ళలో మొదటిసారి ఆమె మీద నుంచి ఒక బరువు దిగినట్లు నాకనిపించింది. అది ఆనందం కాదని కూడా నాకు తెలుసు.

నిజంగా ఆపరేషన్ వల్లే అలా అయిందా? దానికి జవాబు తెలియాలంటే ముందు కొన్ని సంగతులు తెలియాలి.

లావుకూ, మగతనానికీ ఏమిటి సంబంధం?

"ఒళ్ళు చేస్తే బలం" అని మన పెద్దల నమ్మకం. కొవ్వును మనం ఊరికే పేరుకున్న నెయ్యి ముద్దలాంటిది అనుకుంటాం. అది పనిచేసే కణజాలం, హార్మోన్లను తయారుచేస్తుంది, మారుస్తుంది. మగవారి హార్మోను పేరు టెస్టోస్టెరోన్. కొవ్వులో అరోమటేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది ఈ టెస్టోస్టెరోన్‌ను ఈస్ట్రోజెన్‌గా, అంటే ఆడవారిలో ఎక్కువగా ఉండే హార్మోనుగా మారుస్తుంది. కొవ్వు ఎంత ఎక్కువైతే ఈ మార్పు అంత ఎక్కువ. బాగా లావైన మగవారిలో రొమ్ములు పెరగడానికి ఇదొక కారణం.

అక్కడితో ఆగదు. మెదడు కింద పిట్యూటరీ అనే చిన్న గ్రంథి ఉంది. "హార్మోను తయారు చేయండి, కణాలు తయారు చేయండి" అని అదే వృషణాలకు ఎల్.హెచ్., ఎఫ్.ఎస్.హెచ్. అనే రెండు ఉత్తరాలు పంపుతూ ఉంటుంది. రక్తంలో ఈస్ట్రోజెన్ పెరిగితే ఇక చాలనుకుని ఉత్తరాలు తగ్గించేస్తుంది. పంపేవారు పంపకపోతే కిందివారు పనిచేయరు కదా. వృషణాల్లో ఏ జబ్బూ లేకపోయినా పని మందగిస్తుంది. ఇలాంటి మందగింపు చాలామందిలో బరువు తగ్గితే తిరిగి సరవుతుంది.

ఇంకా కారణాలున్నాయి. వృషణాలు శరీరం వేడి కంటే రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండాలి. అందుకే అవి ఒంటికి బయట సంచిలో ఉంటాయి. తొడలు, పొత్తికడుపు కింద కొవ్వు పెరిగితే ఆ చల్లదనం పోతుంది. లావు వల్ల గురక, నిద్రలో ఊపిరి ఆగడం వస్తే రాత్రివేళ పెరగవలసిన టెస్టోస్టెరోన్ సరిగా పెరగదు. షుగరు, బి.పి., కొలెస్ట్రాల్ రక్తనాళాలను పాడుచేస్తాయి. అంగస్తంభన అంటే రక్తప్రసరణే. ఆ నాళాలు సన్నవి కాబట్టి గుండె నాళాల కంటే ముందే అక్కడ లోపం బయటపడవచ్చు. నలభై ఏళ్ళ మనిషికి ఈ సమస్య వస్తే సిగ్గుపడి దాచుకోకుండా ముందు ఇ.సి.జి., షుగరు, కొలెస్ట్రాల్ చూపించుకోవాలి. ఇంకో మాట. గుండెకు సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మాత్రలు వాడేవారు, దుకాణంలో దొరికే సిల్డెనాఫిల్ మాత్రలు వేసుకుంటే బి.పి. ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోవచ్చు. స్నేహితుడు ఇచ్చాడని వేసుకోవద్దు.

కొందరు అంగం చిన్నదైపోయిందని బెంగపడతారు. చాలాసార్లు అది చిన్నది కాలేదు, పొత్తికడుపు కొవ్వులో మునిగింది, అంతే.

2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అటు ఆంధ్రప్రదేశ్‌లో, ఇటు తెలంగాణలో పెద్దవయసు మగవారిలో ప్రతి 10 మందిలో ముగ్గురు ఉండవలసిన దానికంటే ఎక్కువ బరువున్నారు. కాబట్టి ఇది ఎవరో ధనవంతుల ఇంటి సమస్య అనుకోవద్దు.

ఆపరేషన్ ఎవరికి?

బరువును కిలోల్లో, ఎత్తును మీటర్లలో తీసుకుని, బరువును ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేదే బి.ఎం.ఐ. ఉదాహరణకు 170 సెంటీమీటర్ల ఎత్తు, 110 కిలోల బరువు ఉన్న మనిషికి అది 38. మనవారికి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అంటారు. 1991లో అమెరికా నిపుణులు పెట్టిన హద్దు ప్రకారం 40 దాటినవారికి, లేదా 35 దాటి షుగరు, బి.పి. వంటివి ఉన్నవారికి మాత్రమే ఆపరేషన్. 2022లో ఆ హద్దులను సడలించారు. 35 దాటితే వేరే జబ్బు లేకపోయినా చేయవచ్చని, ఆసియా వారికి 27.5 నుంచే ఆలోచించవచ్చని చెప్పారు. ఆలోచించవచ్చు అంటే అందరూ చేయించుకోవాలని కాదు. పెళ్ళి ఫోటోల కోసం పది కిలోలు తగ్గాలనుకునే అబ్బాయికి ఇది తగదు.

ఎక్కువగా చేసేవి రెండు రకాలు. స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణకోశాన్ని దాదాపు నాలుగింట మూడు వంతులు కోసి తీసేసి, మిగిలిన దాన్ని అరటిపండులా సన్నని గొట్టంగా ఉంచుతారు. తీసేసింది మళ్ళీ పెట్టడానికి ఉండదు. బైపాస్‌లో జీర్ణకోశం పైభాగాన చిన్న సంచి చేసి, దాన్ని తిన్నగా చిన్నపేగులో కొంత కిందికి కలుపుతారు. తిన్నది మిగతా జీర్ణకోశం, పేగు మొదటి భాగం తగలకుండా దిగిపోతుంది. ఇనుము, కాల్షియం ఎక్కువగా ఒంటికి పట్టేది సరిగ్గా ఆ వదిలేసిన పేగు భాగంలోనే. ఈ ఒక్క సంగతి గుర్తుంటే తరువాత జీవితాంతం మాత్రలు ఎందుకు వేసుకోమంటారో ఇంకెవరూ చెప్పనక్కరలేదు.

ఆపరేషన్ తర్వాత ఏం బాగుపడుతుంది?

హార్మోన్లు బాగుపడతాయి. ఇందులో అనుమానం లేదు. కొవ్వు తగ్గేకొద్దీ టెస్టోస్టెరోన్ పెరుగుతుంది, ఈస్ట్రోజెన్ తగ్గుతుంది, పిట్యూటరీ మళ్ళీ ఉత్తరాలు పంపడం మొదలుపెడుతుంది. ఎక్కువ బరువు తగ్గినవారిలో ఈ మార్పు ఎక్కువగా కనిపిస్తుంది. కోరిక, అంగస్తంభన చాలామందిలో మెరుగవుతాయి. షుగరు చాలా ఏళ్ళుగా ఉండి నరాలు దెబ్బతిన్నవారిలో మాత్రం అంత మార్పు ఉండకపోవచ్చు. సంసార జీవితం బాగుపడిందని భార్యలే మా దగ్గర నవ్వుతూ చెప్పిన సందర్భాలున్నాయి.

మరి శుక్రకణాలు?

ఇక్కడే జాగ్రత్తగా వినాలి. హార్మోను పెరిగితే కణాలూ పెరుగుతాయని అందరం అనుకుంటాం. పరిశోధనల్లో మాత్రం ఫలితాలు ఒక్క తీరుగా లేవు. కొందరిలో పెరిగాయి, చాలామందిలో పెద్ద తేడా లేదు, కొద్దిమందిలో తగ్గాయి. బైపాస్ ఆపరేషన్ తర్వాత, అంతకుముందు పిల్లలున్న మగవారిలో కూడా కణాలు పూర్తిగా మాయమైన కేసులను 2005లో వైద్య పత్రికలో ప్రచురించారు. అలాంటివి అరుదు. కానీ "ఆపరేషన్ చేయించుకో, పిల్లలు పుడతారు" అని ఎవరైనా హామీ ఇస్తే నమ్మవద్దు. పిల్లల కోసం మాత్రమే ఈ ఆపరేషన్ చేయించుకోవడం మంచిది కాదని నా అభిప్రాయం కూడా. షుగరు కోసం, గుండె కోసం, మోకాళ్ళ కోసం చేయించుకోండి. పిల్లల విషయంలో మేలు జరిగితే సంతోషించండి.

కణాలు ఎందుకు తగ్గుతాయి? మొదటి నెలల్లో మనిషి వారానికి రెండు మూడు కిలోలు తగ్గుతాడు. అది ఒంటికి ఒక రకమైన కరువు. కరువులో ఉన్న శరీరం సంతానం పనిని పక్కన పెడుతుంది. దానికి తోడు జింక్, ఫోలిక్ యాసిడ్, బి12, ఇనుము, డి విటమిన్ తగ్గితే కణాల తయారీ దెబ్బతింటుంది. మాత్రలు మూడు నెలలు వేసుకుని "బాగానే ఉన్నాను కదా" అని మానేసేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది. బి12 లోపిస్తే కాళ్ళు తిమ్మిర్లెక్కుతాయి, మతిమరుపు వస్తుంది. వాంతులు ఎక్కువై బి1 తగ్గితే నడక తడబడుతుంది, చూపు మసకబారుతుంది. అప్పుడు ఒక్కరోజు కూడా ఆగకుండా ఆస్పత్రికి రావాలి.

ఒక్క శుక్రకణం తయారు కావడానికి సుమారు 74 రోజులు పడుతుంది. బయటికి వచ్చే దారి కూడా కలుపుకుంటే మూడు నెలలు. అంటే ఈ రోజు మీరిచ్చిన శాంపిల్ మూడు నెలల కిందటి మీ ఆరోగ్యాన్ని చెబుతుంది. జ్వరమొచ్చినా, కరువు తిండి తిన్నా దాని ఫలితం అప్పుడే కనబడదు. కాబట్టి ఒక రిపోర్టు చూసి గుండెలు బాదుకోవద్దు. పరీక్ష మళ్ళీ చేయించుకోవాలి.

ఆహారంతో తగ్గినా ఇలాగే ఉంటుందా అని అడుగుతారు. డెన్మార్క్‌లో జరిగి 2022లో ప్రచురితమైన ఒక పరిశోధనలో 56 మంది లావైన మగవారికి 8 వారాలు చాలా తక్కువ కేలరీల ఆహారం ఇచ్చారు. సగటున 16 కిలోలకు పైగా తగ్గారు. వారి శుక్రకణాల సంఖ్య సుమారు 40 శాతం పెరిగింది. తరువాత బరువు మళ్ళీ పెరగకుండా చూసుకున్నవారిలోనే ఆ మేలు నిలిచింది. ఇది వైద్యుల పర్యవేక్షణలో చేసినది. ఎవరో చెప్పారని ఇంట్లో గంజి తాగి పడుకోవద్దు. మన దేశంలో 2025 నుంచి బరువు తగ్గడానికే అమ్ముతున్న సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్ల గురించి కూడా అడుగుతున్నారు. అవి డాక్టరు చీటీ మీద మాత్రమే వాడవలసినవి. పిల్లల కోసం ప్రయత్నిస్తున్న సంగతి ఆ డాక్టరుకు ముందే చెప్పండి.

ఆ అబ్బాయి సంగతి

బి.పి. చూస్తూ, ఏమేం మందులు వాడుతున్నావని అడిగాను. కాల్షియం, బి12, ఇనుము చెప్పాడు. "ఇంకా?" అన్నాను. తల్లి వైపు చూశాడు. నేను ఆమెను టీ తాగి రమ్మని పంపాను. అప్పుడు చెప్పాడు. బరువు తగ్గాక ఒళ్ళు వదులైపోయిందని జిమ్‌లో చేరాడట. అక్కడి మాస్టారు కండ పట్టడానికి మూడు వారాలకొక ఇంజెక్షన్ ఇప్పిస్తున్నాడట. నాలుగు నెలలుగా. పేరు తెలియదు. "విటమిన్ లాంటిదే అన్నారు సిస్టర్. నిజంగానే హుషారుగా ఉంది." మర్నాడు ఖాళీ సీసా తెప్పించి చూశాం. టెస్టోస్టెరోన్.

చాలామందికి తెలియని విషయం ఇదే. హార్మోను తక్కువైతే హార్మోను ఇంజెక్షన్ వేయించుకుంటే పిల్లలు పుడతారని అనుకుంటారు. జరిగేది తారుమారు. బయటి నుంచి టెస్టోస్టెరోన్ వచ్చి పడుతుంటే పిట్యూటరీ ఉత్తరాలు పూర్తిగా ఆపేస్తుంది. వృషణాల లోపల కణాల తయారీకి కావలసిన హార్మోను అక్కడే పుట్టాలి. సూదితో ఎక్కించింది ఆ లోటు తీర్చదు. మనిషికి హుషారు ఉంటుంది, మీసం దట్టంగా ఉంటుంది, వీర్యంలో కణాలు మాత్రం ఉండవు. పిల్లలు కావాలనుకునే మగవారు టెస్టోస్టెరోన్ ఇంజెక్షన్లు గానీ, జెల్ గానీ వాడకూడదు. డాక్టరు రాసినా సరే, "మాకు పిల్లలు కావాలి" అని ఒక్కమాట చెప్పి అప్పుడు అడగండి.

అతని రక్తపరీక్షలో ఎల్.హెచ్., ఎఫ్.ఎస్.హెచ్. రెండూ అడుగంటాయి. ఇంజెక్షన్లు ఆపించారు. మొదటి కొన్ని వారాలు నీరసంగా, చిరాకుగా ఉన్నాడు. సంసారం మీద కూడా ఆసక్తి పోయిందని భార్య చెప్పింది. ఇలా ఉంటుందని ముందే చెప్పి ఉండటం వల్ల వారు బెదరలేదు. నాలుగో నెలలో కొన్ని కణాలు కనబడ్డాయి. పదో నెలలో మిల్లీలీటరుకు 1 కోటి 10 లక్షలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 పుస్తకం ప్రకారం కింది హద్దు 1 కోటి 60 లక్షలు. కాబట్టి ఇంకా తక్కువే. అందులో ఆపరేషన్ వాటా ఎంత, ఇంజెక్షన్ వాటా ఎంత, పాత లావు వాటా ఎంత అని విడదీసి చెప్పలేమని డాక్టరుగారు నిజాయితీగా చెప్పారు. ఆపరేషన్‌కు ముందు ఒక్క వీర్య పరీక్ష చేయించి ఉంటే ఆ మాట చెప్పగలిగేవారు. మూడు నాలుగు లక్షల మాటలు నడిచే చోట ఆ చిన్న పరీక్ష ఎవరికీ గుర్తు రాలేదు.

వారికింకా పిల్లలు పుట్టలేదు. ప్రయత్నం నడుస్తోంది. అత్తగారు మాత్రం కోడలి ఫైలు మోయడం మానేశారు. ఈసారి కొడుకు ఫైలు పట్టుకుని వచ్చారు.

ఆపరేషన్ అనుకుంటున్న మగవారు అడగవలసినవి

ఇంకా పిల్లలు కావాలనుకుంటే ఆ మాట సర్జన్‌తో మొదటి రోజే చెప్పండి. ముందుగా వీర్య పరీక్ష, ఉదయం పరగడుపున టెస్టోస్టెరోన్ పరీక్ష చేయించండి. టెస్టోస్టెరోన్ తక్కువ వస్తే ఇంకో రోజు మళ్ళీ చూడాలి, ఒక్కసారితో తేల్చరు. కణాలు అప్పటికే తక్కువగా ఉంటే ఆపరేషన్‌కు ముందు వీర్యాన్ని శీతలీకరించి భద్రపరచే సదుపాయం పెద్ద నగరాల్లోని సంతాన సాఫల్య కేంద్రాల్లో ఉంది. దానికి ఏటేటా రుసుము ఉంటుంది. అందరికీ అవసరం లేదు, అవసరమైనవారికి ఎవరూ చెప్పకపోవడమే ఇబ్బంది.

భార్యకు ఆపరేషన్ అయితే 12 నుంచి 18 నెలలు గర్భం రాకుండా చూసుకోమంటారు. మగవారికి అలాంటి గట్టి నియమం లేదు. అయినా బరువు ఒక చోట నిలబడి, రక్తపరీక్షలు సరిగా ఉన్నాక ప్రయత్నించడం మేలు. ఈలోగా భార్య వయసు 35 దాటుతుంటే ఆలస్యం చేయవద్దు, ఇద్దరూ కలిసి డాక్టరును చూడండి.

మద్యం గురించి ఒక మాట. బైపాస్ తర్వాత మందు త్వరగా, ఎక్కువగా తలకెక్కుతుంది. ఇదివరకు తాగినంతే తాగానని బండి నడిపేవారు ఇది తెలుసుకోవాలి. అన్నం ఎక్కువ తినలేక ఆ లోటు మద్యంతో తీర్చుకునేవారూ ఉన్నారు. మద్యం, పొగాకు, గుట్కా మూడూ శుక్రకణాలకు చేటే.

లావు తగ్గినంత మాత్రాన వేరే కారణాలు పోవు. వృషణాల దగ్గర ఉబ్బిన సిరలు, చిన్నప్పుడు వృషణం సంచిలోకి దిగకపోవడం, పెద్దయ్యాక గవదబిళ్ళలు వచ్చి వృషణాలు వాయడం, క్షయ, ఇవన్నీ డాక్టరు చేతితో పరీక్షిస్తేనే తెలుస్తాయి. బట్టలు విప్పడానికి సిగ్గుపడితే ఎక్స్‌రేలు, స్కానింగులు ఎన్ని తీసినా ప్రయోజనం తక్కువ.

వీర్య పరీక్షకు వచ్చేవారికి

రెండు రోజుల కంటే తక్కువ కాకుండా, ఏడు రోజులు మించకుండా కలయికకు దూరంగా ఉండి రండి. ఈమధ్య జ్వరం వచ్చి ఉంటే చెప్పండి. ల్యాబ్‌లో ఇచ్చిన డబ్బాలోనే పట్టాలి. ఇంట్లో సీసా కడిగి తేవద్దు. మామూలు కండోములో తేవద్దు, దానిలోని రసాయనాలు కణాలను చంపుతాయి. మొదటి చుక్కల్లోనే కణాలు ఎక్కువ కాబట్టి కొంత బయట పోతే ఆ సంగతి దాచకుండా చెప్పండి. ఇంటి దగ్గర పట్టి తెచ్చేవారు డబ్బాను చొక్కా లోపల ఒంటికి ఆనించి పెట్టుకుని గంటలోగా అందించాలి. ఎండలో బండి డిక్కీలో పెట్టవద్దు, ఫ్రిజ్‌లోనూ పెట్టవద్దు. ల్యాబ్‌లోనే ఇచ్చేవారు ప్రత్యేక గది అడగవచ్చు. అడగడానికి మొహమాటమైతే చీటీ మీద రాసి కౌంటరులో ఇవ్వండి, చాలు.

– నర్సింగ్ సూపరింటెండెంట్